ఇంట్లోనే కట్టుకునే గుమ్మం తోరణం: తరచుగా అడిగే ప్రశ్నలు

పండగ ముందు రోజు రాత్రి తొమ్మిది దాటితే మా అపార్ట్‌మెంట్‌లో నా ఫోను మోగడం మొదలవుతుంది. ‘ఆంటీ, ఆకులు తెచ్చాం గానీ గుచ్చడం రావట్లేదు.’ ‘వదినా, బంతిపూలు ఇప్పుడే గుచ్చేయనా, పొద్దున్నే గుచ్చనా?’ చెప్పిందే చెప్పి చెప్పి, చివరికి ఒకచోట రాసి పెడితే పోలా అనిపించింది. పుట్టింది గోదావరి పక్కన, ఉంటున్నది హైదరాబాద్‌లో. అందుకని రెండు చోట్ల పద్ధతులూ ఇందులో కలగలిసి ఉంటాయి.

ఏ పండక్కి ఏ తోరణం కట్టాలి?

రూల్సంటూ ఏమీ లేవు. ఆ రుతువులో చేతికి ఏది అందితే అదే గుమ్మం ఎక్కుతుంది. ఉగాదికి మావిడాకులు, మధ్యమధ్యలో పూతతో ఉన్న వేపరెమ్మలు. ఆషాఢంలో బోనాలకి వేపమండలు. శ్రావణమాసంలో మావిడాకులకి తోడు చామంతులు. దసరా, దీపావళి వచ్చాయంటే బంతిదే రాజ్యం. బతుకమ్మ పేర్చగా మిగిలిన దోసెడు పూలు చాలు, గుమ్మం వెలిగిపోతుంది. సంక్రాంతికి కొత్త వరికంకులు. వినాయకచవితి పాలవెల్లి సంగతి కూడా అడుగుతుంటారు గానీ, అది దేవుడి పైన కట్టేది, గుమ్మానిది కాదు. ఇక మావిడాకుకి ఉగాదే రానక్కర్లేదు. పెళ్లయినా, గృహప్రవేశమైనా, సత్యనారాయణ వ్రతమైనా ముందు చెట్టు దగ్గరికే పరిగెడతాం.

మా పాప పుస్తకంలో ‘కాకతీయ తోరణం’ అని రాతి బొమ్మ ఉంది. తోరణం అంటే అదా, ఇదా?

రెండూ. వరంగల్ కోటలో నాలుగు దిక్కులా నిలబడ్డ రాతి ద్వారాలూ తోరణాలే, మన గుమ్మానికి కట్టే ఆకుల దండా తోరణమే. ఆ రాతి తోరణాన్నే 2014లో తెలంగాణ రాజముద్రలో పెట్టుకున్నారు. ఇక్కడ మాత్రం వాడిపోయే రకం గురించే.

మా గుమ్మానికి ఎన్ని ఆకులు పడతాయి?

మెయిన్ డోర్ మామూలుగా మూడు నుంచి మూడున్నర అడుగుల వెడల్పు ఉంటుంది. ఆకుకీ ఆకుకీ మధ్య మూడు అంగుళాలు వదిలితే, మూడున్నర అడుగులకి 14 ఆకులు. బేసి సంఖ్య ఉండాలనే ఇళ్లలో 15 చేసేస్తారు. పురుగు కొట్టినవి, గుచ్చేటప్పుడు చిరిగేవి పోతాయి కాబట్టి పాతిక కోసుకోండి. తాడు మాత్రం గుమ్మం వెడల్పు కంటే రెండు జానలు ఎక్కువ తీసుకోవాలి. మధ్యలో కాస్త జారి వేలాడితేనే అందం. బిగించి కడితే బట్టలారేసుకునే తీగలా ఉంటుంది.

ఎలాంటి ఆకులు కోయాలి?

ముదురాకుపచ్చవి. ఎరుపు, రాగిరంగు తిరిగిన చిగురు చూడ్డానికి ముద్దొస్తుంది గానీ, గంటలో తల వాల్చేస్తుంది. అలాగని అడుగునుండే పాత ఆకు కూడా వద్దు, మడిస్తే విరుగుతుంది. మధ్యస్థంగా ఉండి, వేళ్ల మధ్య వంచితే వంగేది సరైన ఆకు. తొడిమ అంగుళమైనా ఉండేలా కోయండి, దాంతో పని ఉంది.

రెండు జాగ్రత్తలు. ఒకటి, మామిడి చెట్ల మీద ఎర్రచీమలు ఆకుల్ని కలిపి కుట్టి గూళ్లు కడతాయి. ముడుచుకుపోయిన గుత్తి కనిపిస్తే ఆ కొమ్మ జోలికి పోవద్దు. ఒక్కటి చొక్కాలో దూరిందా, చెట్టు కింద డాన్సే. రెండు, తెంపిన చోట సొన కారుతుంది. అది బట్టకి అంటితే మరక పోదు, కొందరికి చర్మం మీద దద్దుర్లు కూడా వస్తాయి. మామిడిది జీడిమామిడి కుటుంబమే, ఆ గుణం ఎక్కడికి పోతుంది! కోసిన వెంటనే ఆకుల్ని బకెట్ నీళ్లలో వేసి గంటసేపు వదిలేయండి. సొన పోతుంది, ఆకు నీరు తాగి బిగుస్తుంది. ఆ తర్వాత తడిగుడ్డతో దుమ్ము తుడిచేస్తే ఆకు నూనె రాసినట్టు మెరుస్తుంది.

చెట్టు పక్కింటివాళ్లదైతే అడిగి కోయండి. ఉగాది రోజుల్లో పిందెలున్న కొమ్మ ముట్టుకోవద్దు. ఈ విషయంలో మా వీధిలో రెండిళ్ల మధ్య మాటలు ఆగిపోయి ఆరేళ్లయింది.

తాడుకి ఆకు ఎలా గుచ్చాలి?

అసలు ప్రశ్న ఇదే. రెండు పద్ధతులు చెబుతాను.

మొదటిది ఈనెపుల్లతో. కొబ్బరి చీపురులోంచి నాలుగు పుల్లలు లాగి పావుగంట నీళ్లలో నానబెట్టండి. ఎండుపుల్ల పుటుక్కున విరుగుతుంది, నానింది వంగుతుంది. అంగుళం ముక్కలుగా తుంచుకోండి. పురికొసని రెండు కుర్చీల మధ్య కట్టుకుంటే చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. ఇప్పుడు ఆకుని మెరిసే వైపు మీకు కనిపించేలా, కొన కిందికి ఉండేలా తాడు వెనక పెట్టండి. తొడిమ వైపు రెండు వేళ్ల మందం తాడు మీదుగా ముందుకి మడవండి. ఆ మడతనీ కింది ఆకునీ కలిపి, నడిమి ఈనెకి ఒక పక్క పుల్ల గుచ్చి, ఇంకో పక్క నుంచి బయటికి తీయండి, చీరకి పిన్ను పెట్టినట్టు. ఈనెని చీల్చుకుంటూ గుచ్చితే మాత్రం ఆకు రెండుగా విడిపోతుంది. మొదటి మూడు ఆకులూ చిరుగుతాయి. నాలుగోది కుదురుతుంది.

రెండోది పుల్ల అక్కర్లేని పద్ధతి, మా నాయనమ్మది. కొబ్బరిపీచు తాడు కావాలి. తాడుని రెండు చేతుల మధ్య పట్టుకుని మెలికి ఎదురు తిప్పితే పేటలు విచ్చుకుంటాయి. ఆ సందులో తొడిమ దూర్చి వదిలేస్తే తాడు తానే బిగుసుకుని కరుచుకుంటుంది. ఆవిడ మాట్లాడుతూనే, తాడు వైపు చూడకుండానే ఇరవై ఆకులు దూర్చేసేది. దీంట్లో ఒకటే చిక్కు, తొడిమ ఎండి సన్నబడ్డాక మూడో రోజు నుంచీ ఒక్కో ఆకూ రాలిపోతుంటుంది. ఒక్కపూట పూజకి ఇది, వారం ఉండాలంటే ఈనెపుల్ల.

స్టేప్లర్‌తో కొట్టేస్తే అయిపోతుంది కదా?

అయిపోతుంది. నేనూ కొట్టాను, ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చిన ఒక ఉగాదికి. ఆకు ఎండి ముడుచుకునేసరికి పిన్నులు వదులై గడప దగ్గర రాలాయి. పూజకని ఉత్త కాళ్లతో వచ్చిన మా అత్తగారి మడమలో ఒకటి దిగింది. ఆవిడ పైకి ఒక్క మాటా అనలేదు. మర్నాడు ఒక చీపురు తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. అప్పటినుంచీ మా ఇంట్లో ఈనెపుల్లలే.

మావిడాకులు దొరక్కపోతే?

కాలనీల్లో ప్రహరీ పక్కన నిటారుగా పెరిగే చెట్టు ఉంటుంది, అందరూ అశోక చెట్టు అంటారు. దాని తెలుగు పేరు నరమామిడి. ఆకు పొడుగ్గా, అంచులు అలలు అలలుగా ఉంటుంది. తోరణానికి చక్కగా పనికొస్తుంది, వాడిపోవడానికి టైం తీసుకుంటుంది. పూజల్లో మావిడాకే కావాలనే పట్టింపు ఉన్న ఇళ్లలో దాన్ని ఒప్పుకోరు, అది వేరే సంగతి.

అమెరికాలో ఉన్నవాళ్లు ఇండియన్ స్టోర్ ముందు క్యూ కట్టే బదులు చుట్టూ ఒకసారి చూడండి. దక్షిణాది రాష్ట్రాల్లో మాగ్నోలియా చెట్లు బాగా కనిపిస్తాయి. ఆకు దళసరిగా, పైన నున్నగా, దూరం నుంచి అచ్చం మావిడాకులా ఉంటుంది. ఇక్కడి నుంచి పచ్చి ఆకులు సూట్‌కేసులో పెట్టుకుపోయే ఆలోచన మాత్రం మానుకోండి. పచ్చి మొక్కలూ ఆకులూ ఉంటే ఎయిర్‌పోర్టులో చెప్పితీరాలి, చెప్పాక వాటిని చెత్తబుట్టలో వేయించుకోవడం తప్ప మిగిలేది ఉండదు.

గన్నేరు ఆకు పొడుగ్గా ఉంది కదా అని కట్టకండి. ఆ మొక్క నిలువెల్లా విషం. గుమ్మంలో పాకే పిల్లలూ కుక్కపిల్లా ఉన్న ఇంట్లో అసలే వద్దు.

మావిడాకు తోరణం ఇంట్లోకి ఆక్సిజన్ ఇస్తుందట, నిజమేనా?

ఈ మెసేజ్ ప్రతి ఉగాదికీ నాకు నాలుగు గ్రూపుల్లోంచి వస్తుంది. తెంపిన ఆకు కాసేపు ప్రాణంతోనే ఉంటుంది, వెలుతురుంటే కాస్తో కూస్తో పని చేస్తుంది. కానీ పదిహేను ఆకులు ఇంటి గాలిని మార్చేయవు. దళసరి ఆకు, పైన మైనపు పొర, అందుకే మిగతా ఆకుల కంటే ఎక్కువ రోజులు పచ్చగా నిలుస్తుంది. మన ఊళ్లలో ఎక్కడ చూసినా ఆ చెట్టుంది. కట్టుకోవడానికి నాకు ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

దసరాకి బంతిపూలు ఎన్ని కొనాలి? ఎప్పుడు కొనాలి?

గుమ్మం పైన మూడున్నర అడుగులు, రెండు పక్కలా మూడేసి అడుగులు వేలాడాలంటే మొత్తం తొమ్మిదిన్నర అడుగులు. పూలు దగ్గరగా గుచ్చితే అంగుళంన్నరకి ఒకటి చొప్పున డెబ్బై ఆరు. సైజుని బట్టి కిలోకి సుమారు 100 నుంచి 150 పూలు తూగుతాయి. కాబట్టి ఒక గుమ్మానికి కిలో చాలు, బండికి కట్టుకోవడానికి కూడా నాలుగు మిగులుతాయి. కిలోల్లో కొనండి. కట్టిన దండ మూరల్లో కొంటే, అమ్మేవాళ్ల మూర పండగపూట కాస్త కురచవుతుంది.

హైదరాబాద్‌లో గుడిమల్కాపూర్ మార్కెట్‌కి తెల్లవారుజామున వెళ్లగలిగితే మంచి సరుకు దొరుకుతుంది. గోదావరి వైపు వాళ్లకి కడియం దగ్గర కడియపులంక ఉండనే ఉంది. పండగ ముందు రోజు సాయంత్రం రేటు అడక్కూడదు, రెండు రోజుల ముందు కొని దాచుకోవడం నయం.

దాచడంలోనే చాలామంది దెబ్బతింటారు. మొదటిసారి నేను పాలిథిన్ కవర్‌లోనే మూతి కట్టి ఫ్రిజ్‌లో తోసేశాను. పొద్దున తీసేసరికి అడుగున పూలు నల్లబడి, కవర్ నిండా చెమట, కుళ్లిన కూరగాయల వాసన. బంతిపువ్వుకి రేకులెక్కువ, మధ్యలో చేరిన తడి బయటికి పోదు. కొన్న వెంటనే న్యూస్‌పేపర్ మీద ఫ్యాన్ కింద గంటసేపు ఆరబోయండి. తర్వాత పొడి నూలుగుడ్డలో వదులుగా చుట్టి ఫ్రిజ్ అడుగు అరలో పెట్టండి. నీళ్లు చిలకరించేది దండ గుమ్మానికి ఎక్కాకే, అదీ తేలిగ్గా.

బంతిపూలు గుచ్చడానికి మామూలు సూది చాలా?

వేళ్లు నొప్పి పుడతాయి. గోనెసంచులు కుట్టే దబ్బనం ఒకటి కొనుక్కోండి, జీవితాంతం ఉంటుంది. దారం కూడా గోతాం దారమే, రెండు పేటలు. పువ్వు కింద పచ్చటి గిన్నె ఉంటుంది చూడండి, తొడిమ తుంచేసి ఆ గిన్నె నడిమధ్యలోంచి గుచ్చితే పువ్వు నిండుగా నిలబడుతుంది. రేకుల్లోంచి గుచ్చితే సాయంత్రానికి విడిపోతుంది. అయిదు నారింజ బంతులు, రెండు పసుపు, ఒక మావిడాకు, ఇదీ మా ఇంటి వరస. మావిడాకుని నిలువునా మడిచి, తొడిమ దగ్గర దబ్బనం దింపితే సరి.

అన్నట్టు, మన పండగలకి ఇంతగా అల్లుకుపోయిన బంతి అసలు మెక్సికో వైపు మొక్క. అక్కడా చనిపోయిన పెద్దల్ని తలుచుకునే రోజున ఇవే పూలు పరుస్తారు. మా ఇంట్లో ఈ మాట ఎవరూ నమ్మరు.

సంక్రాంతికి వరికంకుల కుచ్చు కట్టడం నేర్చుకోవచ్చా?

తప్పకుండా. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. ఊళ్లో పెద్దవాళ్లు అరుగు మీద కూర్చుని గళ్లు గళ్లుగా అల్లేవాళ్లు. పైన చాపలా అల్లిక, కింద జలతారు కుచ్చులా బంగారు కంకులు. చూరుకీ, గుడి మండపానికీ వేలాడదీస్తే పిచ్చుకలు తలకిందులుగా వేలాడుతూ తినేవి. ఆ గళ్ల అల్లిక నాకు పూర్తిగా రాదు. జడ అల్లిక వచ్చు, అది చెబుతాను.

కష్టమంతా కంకులు సంపాదించడంలోనే. ఇప్పుడు ఎక్కువ చోట్ల మిషన్ కోత, చేలోనే గింజ రాల్చేస్తుంది. కోతకి ముందే తెలిసిన రైతుకి ఒకమాట చెప్పి, గట్టు వార నాలుగు గుప్పిళ్లు కొడవలితో కోయించుకోవాలి. పూర్తిగా ఎండినవి వద్దు, అల్లుతుంటేనే గింజలు జలజలా రాలతాయి. పచ్చదనం ఇంకా కాస్త ఉండి బంగారు రంగు తిరుగుతున్నప్పుడు, గడ్డి మూరెడు ఉండేలా కోయాలి.

నలభై, యాభై కంకులు తీసుకోండి. ఒక్కో దంటు మీద ఆకు తొడుగు ఒలిచేస్తే లోపల నున్నటి పసుపుపచ్చ గడ్డి బయటపడుతుంది. గడ్డి వైపు మాత్రమే అరగంట నీళ్లలో ముంచండి. కంకులు తడిస్తే బూజు పడుతుంది. కంకుల మెడలన్నీ ఒకచోటికి తెచ్చి దారంతో గట్టిగా నాలుగు చుట్లు. గడ్డిని మూడు పాయలు చేసి జడ అల్లండి, బాగా బిగించి, ఎందుకంటే ఆరాక గడ్డి సన్నబడి అల్లిక వదులవుతుంది. చివర్ని వెనక్కి వంచి మెడ దగ్గర కడితే తగిలించడానికి ఉంగరం తయారు. పైన ఎర్ర రిబ్బన్ కడతారు కొందరు. నాకైతే గడ్డి రంగు మీద గడ్డే బాగుంటుంది. రెండు రోజులు నీడలో తలకిందులుగా ఆరనివ్వండి, ఎలుకలకి అందకుండా.

అపార్ట్‌మెంట్‌లో కడితే పిచ్చుకలు వస్తాయా?

మా బాల్కనీకి పావురాలొచ్చాయి. పావుగంటలో కుచ్చు ఖాళీ. ఇప్పుడు ఇంటి లోపల గుమ్మానికే కడుతున్నాను. పిచ్చుకలు తిరిగే చోట ఉంటే మాత్రం పిల్లి ఎగిరినా అందనంత ఎత్తులో, పక్కన అది ఎక్కే గోడేదీ లేకుండా కట్టండి.

క్రిస్మస్‌కి తలుపు మీద పెట్టే గుండ్రటి దండ ఇక్కడి వాటితో చేయొచ్చా?

మా పై ఫ్లోర్ వాళ్లతో కలిసి రెండేళ్లుగా చేస్తున్నాం. వెదురుబద్దని వంచి అడుగు వెడల్పు చక్రంలా కట్టండి, లేదా లావుపాటి ఇనుప తీగైనా సరే. ఆకుకి సరుగుడు రెమ్మలు. కోస్తాలో ఎటు చూసినా సరుగుడు తోటలే, దాన్నే క్రిస్మస్ చెట్టుగా పెట్టుకునే ఇళ్లు కూడా ఉన్నాయి. జానెడు రెమ్మల్ని నాలుగైదు కలిపి చక్రానికి దారంతో చుడుతూ, ఒక కట్ట మొదలు మీద ఇంకో కట్ట కొన వచ్చేలా ఒకే దిక్కుగా తిరిగి రండి. ఎరుపు కోసం ఎండుమిరపకాయలు మూడేసి గుత్తులుగా. తొడిమలున్నవి ఏరుకోండి, పని అయ్యాక చేతులు కడుక్కోకుండా కళ్లు నలుపుకోకండి. గురివింద గింజలు ఎర్రగా బాగుంటాయని ఒకరు తెచ్చారు, వెనక్కి పంపించాను. గింజ పగిలి కడుపులోకి పోతే ప్రాణం మీదికొస్తుంది.

అద్దె ఇల్లు. ఓనరుగారు మేకు కొట్టనివ్వరు.

అంటించే ప్లాస్టిక్ హుక్కులు దొరుకుతాయి. గోడకి సున్నం ఉంటే ఊడొస్తాయి, ద్వారబంధం పాలిష్ మీదైతే నిలబడతాయి. ముందు ఆ చోట జిడ్డు తుడవండి, అంటించాక కొన్ని గంటలు ఆగి బరువు తగిలించండి. తడి బంతిదండ బరువు తక్కువేం కాదు, రెండు చివరలతో పాటు మధ్యలో కూడా ఒక హుక్కు పెట్టండి.

దీపావళికి గుమ్మంలో దీపాలు పెడతాం కదా, ప్రమాదం లేదా?

ఉగాది నాటి ఎండుతోరణం ఇంకా అక్కడే ఉంటే ఉంది. ముందు దాన్ని తీసేయండి. పక్కలకి వేలాడే దండ కొసలు ప్రమిదల దగ్గరికి రాకుండా మోకాలి ఎత్తులోనే ఆపండి, ప్రమిదల్ని అడుగు దూరం జరపండి.

ఈ ఏడాది మాకు పండగ లేదు. తోరణం కట్టొచ్చా?

ఇంట్లో మనిషి పోయిన ఏడాది చాలామంది కట్టరు. ఎన్నాళ్లు, ఎవరెవరికి అన్నది ఇంటింటికీ మారుతుంది. మీ పెద్దవాళ్లని అడగండి, వాళ్లు ఏది చెబితే అది. మా నాన్న పోయిన ఏడాది ఉగాదికి గుమ్మం బోసిగా ఉంటే, పక్కింటి అక్క రెండు మావిడిరెమ్మలు తెచ్చి మా తులసికోట దగ్గర పెట్టి వెళ్లింది. అది సంప్రదాయమో కాదో నేను ఎవర్నీ అడగలేదు.

ప్లాస్టిక్ తోరణం కొనేస్తే ఏడాదంతా ఉంటుంది కదా?

ఉంటుంది, దుమ్ముతో సహా. పనుల ఒత్తిడిలో కొనుక్కున్నవాళ్లని నేనేమీ అనను. ఎప్పటికీ ఉండేది కావాలంటే పాతకాలపు పూసల తోరణం వెతకండి. సన్నటి గాజుగొట్టాలు, మధ్యలో ‘స్వాగతం’ అని అక్షరాలు, తలుపు తీస్తే గలగలమనేది. అమ్మమ్మల ట్రంకు పెట్టెల్లో ఇంకా ఉన్నాయి. దారం చీకిపోయి ఉంటుంది, చేపల గాలానికి వాడే నైలాన్ దారంతో మళ్లీ గుచ్చుకోవచ్చు.

తోరణం ఎప్పుడు తీసేయాలి? తీసి ఏం చేయాలి?

మావిడాకు గోధుమరంగు తిరిగినా కొందరు తర్వాతి పండగ దాకా ఉంచుతారు, తప్పేం లేదు. బంతి మూడో రోజుకి వాలిపోతుంది, వాసన రాకముందే దించేయండి. ఆకులు తుంచి కుండీ మట్టిలో కప్పెడితే ఎరువవుతుంది, దారమూ పురికొసా ముందు తీసేయండి.

బంతుల్ని మాత్రం అన్నీ పారేయకండి. ఒక పది పువ్వుల్ని పేపర్ మీద నీడలో కరకరలాడేదాకా ఎండబెట్టండి. రేకుల్ని గుత్తిగా పట్టుకుని లాగితే కొసన నల్లటి సన్నటి గింజలొస్తాయి, పుల్లల్లా. నొక్కితే గట్టిగా ఉన్నవే విత్తనాలు, మెత్తగా వంగేవి తాలు. పొట్లం కట్టి తేదీ రాసి పెట్టుకోండి. జూలైలో కుండీలో చల్లి పైన పలచగా మట్టి జల్లితే వారంలోపే మొలుస్తాయి. జానెడు ఎత్తు రాగానే తల తుంచండి, పక్కకొమ్మలు వేస్తుంది. రెండు, రెండున్నర నెలల్లో మొగ్గలు. హైబ్రిడ్ పూల గింజలైతే పువ్వు తల్లిలా ఉండదు, ఒక్కోసారి ముద్దబంతి వేస్తే రెక్కబంతి పూస్తుంది. మా బాల్కనీలో పోయినేడు అదే జరిగింది, అవే గుచ్చి కట్టాం.